కార్బురేటర్ క్లీన్ చేస్తే స్టార్ట్ అవుతుందా? అయితే మీరే చేయించి అమ్మండి!

నమస్తే అండీ. సోది లేకుండా చెప్పేస్తాను. షెడ్డులో ఆగిపోయిన ఆర్‌డీ 350ని, అంటే మన పాత రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిల్‌ని, అమ్మాలనుకుంటే దాన్ని స్టార్ట్ చేయకండి. పెయింట్ వేయించకండి. దుమ్ముతో సహా అమ్మండి.

పోయిన వీడియోలో ఈ ముక్క అన్నందుకే కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. తుప్పు ఇనుముకి లక్షలు అడిగేవాళ్లని వెనకేసుకొస్తున్నావా అని ఒకాయన. డీలర్లు ఎంత ముట్టజెప్పారు అని ఇంకొకాయన. ఏమీ ఇవ్వలేదండీ, ఇచ్చుంటే ముందు ఈ మైకు మార్చేవాడిని. తిట్టారు కదా అని మాట మార్చను. ఇవాళ ఇంకా గట్టిగా చెబుతాను.

పాత బండి ప్రకటన ఏది తెరిచినా ఒకటే డైలాగు. 'చిన్న పని ఉంది బ్రో, కార్బురేటర్ క్లీన్ చేస్తే స్టార్ట్ అయిపోతుంది.' అయ్యా, కార్బురేటర్ క్లీనింగ్‌కి ఎంతవుతుంది? బండి స్టార్ట్ అయితే రేటు ఎంత పెరుగుతుంది? అంత చిన్న పనైతే మీరే చేయించి ఆ డబ్బు జేబులో వేసుకోరా? కొనేవాడికి ఈ మాత్రం లెక్క రాదా? ఆ ఒక్క వాక్యం చదవగానే వాడు ఇంజిన్ జామ్ అని ఫిక్సైపోయి, సగం రేటుకి బేరం మొదలుపెడతాడు. మీ బండి పరువు మీరే తీసుకున్నారు.

ఇక స్టార్ట్ ఎందుకు చేయొద్దు అంటే, ఇది టూ స్ట్రోక్ బాబూ. రెండు సిలిండర్లు, 347 సీసీ. ఏళ్ల తరబడి నిలబడితే క్రాంక్ సీల్స్, అంటే ఇంజిన్ ఇరుసు పక్కన గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు, ఎండి గట్టిపడతాయి. ఆ సందుల్లోంచి ఇంజిన్ గాలి లాగుతుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే ఇంజిన్ మాడిపోతుంది. వీధి చివరిదాకా భలే పరిగెడుతుంది, మీరు వీడియో తీసుకుని స్టేటస్ పెడతారు, తిరిగొచ్చేటప్పుడు పిస్టన్ పట్టేస్తుంది. సిలిండర్ లోపల తుప్పుంటే అంతదాకా కూడా అక్కర్లేదు, కిక్కు కొట్టినప్పుడే గీతలు పడతాయి. దీని ఒరిజినల్ బోర్, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 64 మిల్లీమీటర్లు. గీత పడిందంటే సిలిండర్ బోరింగ్ చేయించి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో పెద్ద పిస్టన్ వేయాలి. అదీ రెండు సిలిండర్లకీ. బోరింగ్‌కి కూడా ఒక హద్దుంటుంది కదా, ప్రతిసారీ కాస్త లోహం పోతూనే ఉంటుంది. మీ సరదా కిక్కుకి ఒక సైజు కరిగిపోయింది!

మీరు చేయాల్సింది ఇంతే. రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పండి. ఆ రంధ్రాల్లో కాస్త నూనె పోసి కొన్నాళ్లు వదిలేయండి. తర్వాత కిక్ లివర్‌ని చేత్తో మెల్లగా నొక్కండి, కాలితో వద్దు. కదిలితే 'ఇంజిన్ ఫ్రీగా తిరుగుతోంది, స్టార్ట్ చేయలేదు' అని రాయండి. కదలకపోతే 'జామ్' అని రాయండి. జామ్ అని రాస్తే ఎవరూ కొనరనుకుంటున్నారా? తెలిసినవాడు ఎలాగూ ఇంజిన్ మొత్తం విప్పుతాడు. వాడికి మీ స్టార్టింగ్ వీడియోతో పనే లేదు.

పెయింట్ గోల కూడా అంతే. మెరిసే పెట్రోల్ ట్యాంకు ఫొటో చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. ట్యాంకుని తిప్పి అడుగు చూపించమనండి. అతుకు వెంబడి ఎం-సీల్ ముద్దలు, వాటిమీద నిగనిగలాడే కొత్త రంగు! ఇప్పుడు పోసే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంది, అది తేమ పీల్చుకుంటుంది. అలా వదిలేసిన ట్యాంకు లోపల ఏం మిగులుతుంది? పాత రంగు ఉన్నప్పుడు సొట్ట ఎక్కడుందో, తుప్పు ఎక్కడుందో కళ్లకి కనపడుతుంది. దానికోసమే జనం డబ్బు ఎక్కువ పెడతారు.

అన్నట్టు ఒక చిన్న కడుపుమంట. యమహా 1973లో తెచ్చిన బండి ఇది. మనకి పదేళ్ల తర్వాత 1983లో ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ 350 పేరుతో ఇచ్చారు. పాలవాళ్లు క్యాన్లు కట్టుకుని తిరిగే బండి పేరు కూడా అదే రాజ్‌దూత్! ముందు చక్రానికున్న డిస్క్ బ్రేకు తీసేసి డ్రమ్ము బ్రేకు పెట్టారు. మైలేజీ రాదని జనం మొహం తిప్పుకున్నారు, ఆ దశాబ్దం ముగిసేసరికి ఈ బండి తయారీకి దుకాణం కట్టేశారు. ఆ రోజు 'మైలేజీ ఎంత' అని అడిగినవాళ్ల పిల్లలే ఈ రోజు లక్షలు పట్టుకుని తిరుగుతున్నారు.

ఇప్పుడు నా అసలు థియరీ, మళ్లీ తిట్టుకోండి. ఆగిపోయిన ఆర్‌డీ రేటు ఇంజిన్‌లో లేదు. స్టీరింగ్ మెడ దగ్గర కొట్టిన ఛాసిస్ నంబర్‌లో ఉంది. దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్ రుద్దండి. పడిన అంకెలు ఆర్‌సీతో అచ్చంగా కలిస్తే మీరు ఇంజిన్ బస్తాలో కట్టి ఇచ్చినా కొంటారు. కలవకపోతే స్టార్ట్ అయినా నాకొద్దు. పిస్టన్ దొరుకుతుంది, సీల్ దొరుకుతుంది, కాగితం ఎక్కడ దొరుకుతుంది? పాత బుక్ ఆర్‌సీ అయితే ముందు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కాయో లేదో చూసుకోండి. బండి నాన్నగారి పేరు మీదుండి, ఆయన లేకపోతే ముందు ఫారం 31తో మీ పేరుకి మార్పించుకోండి. తర్వాతే అమ్మకానికి 29, 30 ఫారాలు. పెయింటర్‌కి ఇచ్చే డబ్బు ఆర్‌టీఓ ఆఫీసు పనికి పెట్టండి, రేటు ఎలా పెరుగుతుందో చూడండి.

ప్రకటన ఇలా రాయండి. 'ఆగి చాలా ఏళ్లైంది. ఇంజిన్ ఫ్రీ, స్టార్ట్ చేయలేదు. పాత రంగే. ట్యాంకు అడుగు తుప్పు ఉంది, ఫొటో పెట్టాను. ఆర్‌సీ నా పేరు మీదే, నంబర్లు కలుస్తాయి.' ఇక చివర్లో 'హై టార్క్ మోడల్' అని తగిలించేవాళ్లకి ఒక్క ప్రశ్న. ఈ బండి రెండు రకాలు: ఎక్కువ శక్తి ఉన్న హై టార్క్ 30.5 బీహెచ్‌పీ, తక్కువ శక్తి ఉన్న లో టార్క్ 27. ఎస్కార్ట్స్ రెండూ తయారుచేసింది కదా, మరి లో టార్క్ అని రాసి అమ్మేవాడు ఒక్కడూ కనపడడేంటి? ఉంటే కామెంట్ పెట్టండి, మీ బండి మీద ఒక వీడియో చేస్తాను.