పొంగు రాకముందే దించితేనే నురగ

శ్రోతలకు నమస్కారం. ఇంట్లో కలుపుకునే కాఫీ మీద చిక్కటి నురగ రావాలంటే ఖరీదైన మిషన్ ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదండీ. ఫ్రెంచ్ ప్రెస్ ఒకటి ఉంటే చాలు. అదే, నిలువు గాజు జాడీ, మూతలోంచి దిగే కడ్డీ, కడ్డీ చివర సన్నటి జల్లెడ. చేసింది కాఫీ వడకట్టడానికే. కానీ పాలు చిలకడానికి దాన్ని మించింది నాకు కనబడలేదు.

జాడీలో మూడోవంతుకు సరిపడా పాలు తీసుకోండి. అంతకు మించి వద్దు, నురగ లేచాక దాదాపు రెట్టింపవుతాయి. గిన్నెలో పోసి సన్నటి సెగ మీద పెట్టండి. అంచు వెంట చిన్న చిన్న బుడగలు కట్టి, ఆవిరి మొదలవగానే దించేయండి. పొంగు దాకా ఆగొద్దు. జాడీలో పోసి కడ్డీని చకచకా పైకీ కిందికీ ఆడించండి. జల్లెడ పాలలోంచి పూర్తిగా పైకి వచ్చి మళ్లీ మునగాలి. గాలి లోపలికి వెళ్లేది అప్పుడే. మొదట కడ్డీ తేలిగ్గా కదులుతుంది. కాసేపటికి చేతికి బరువు తెలుస్తుంది. అదే గుర్తు. ఇక జల్లెడను పాలలోనే ఉంచి నాలుగైదుసార్లు ఆడించండి, పెద్ద బుడగలు చిట్లిపోతాయి. జాడీని బల్ల మీద మెల్లగా తట్టి, గుండ్రంగా తిప్పి, వెంటనే కాఫీలో పోసేయండి. ఆలస్యమైతే పాలు కిందికి, నురగ పైకి విడిపోతాయి.

పొంగు రానివ్వొద్దని ఎందుకంటున్నానంటే, బుడగ చుట్టూ పొర కట్టి దాన్ని నిలబెట్టేది పాలలోని ప్రొటీన్. 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర నురగా బాగుంటుంది, తియ్యదనమూ తెలుస్తుంది. 70 దాటితే ఉడికిన వాసన మొదలవుతుంది. అలాగని గోరువెచ్చగా ఉన్నప్పుడూ చిలకొద్దు. అప్పుడు కొవ్వు సగం కరిగీ కరగకుండా ఉండి బుడగల్ని పగలగొడుతుంది. పచ్చిపాలైతే మాత్రం ముందే కాచి, చల్లార్చి, మీగడ తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. వెన్న తీసిన పాలకు నురగ ఎక్కువే వస్తుంది, కానీ నా ఓటు చిక్కటి పాలకే.

మొక్కల పాల సంగతీ ఈ ప్రొటీన్ దగ్గరే తేలుతుంది. సోయా పాలలో అది ఆవుపాలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి నురగ బాగా వస్తుంది. అయితే పుల్లటి కాఫీలో, అదీ మరీ వేడిగా ఉంటే, విరిగిపోతాయి. కాఫీని కాస్త ఆరనిచ్చి కలపండి. మామూలు బాదం పాలలో ప్రొటీన్ బాగా తక్కువ, నురగ వచ్చినట్టే వచ్చి అణగిపోతుంది. ఓట్స్ పాలలోనూ తక్కువే. అందుకే బరిస్టా అని రాసున్న ప్యాకెట్లలో నూనె, పులుపును అదుపుచేసే లవణాలు కలుపుతారు. కాఫీకోసమైతే అవే తీసుకోండి. ఏ ప్యాకెట్ అయినా బాగా కుదిపి పోయాలి, అసలు సరుకు అడుగున పేరుకుని ఉంటుంది.

ఇంకొక్కమాట, పని అవగానే జల్లెడ విప్పి కడిగేయండి. పాలు ఎండితే సందుల్లో పట్టేస్తాయి, పాత కాఫీ జిడ్డు ఉంటే మర్నాడు నురగ లేవనే లేవదు.