అమెరికాలో కారు బీమా: లయబిలిటీ ఎంతకు తీసుకోవాలి?

(తెర మీద: 30/60/15)

కాలిఫోర్నియాలో కారు నడపడానికి చట్టం అడిగే కనీస లయబిలిటీ బీమా ఇది. మన తప్పు వల్ల ఎదుటివారికి జరిగిన నష్టాన్ని భరించే బీమా అన్నమాట. అంకెలను వేల డాలర్లలో చదవాలి. ఒక మనిషి గాయాలకు 30 వేలు, ఎంతమంది గాయపడినా ఒక ప్రమాదానికి మొత్తం 60 వేలు, ఎదుటివారి కారు, గోడ వంటి ఆస్తికి 15 వేలు. 2025 జనవరి 1కి ముందు ఇది ఇంకా తక్కువ, 15/30/5 మాత్రమే. కనీస మొత్తం ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. టెక్సస్‌లో 30/60/25.

ఇప్పుడు ఒక కూడలి ఊహించుకోండి. సిగ్నల్ గమనించకుండా వెళ్లి మరో కారును ఢీకొట్టారు. అందులో ముగ్గురు. వారి నష్టాలు వరుసగా 90 వేలు, 40 వేలు, 20 వేలు. కారు ఖరీదు 45 వేలు, ఇక పనికిరాదు.

(తెర మీద లెక్క కదులుతుంది)

గాయాల నష్టం లక్షా 50 వేలు, బీమా ఇచ్చేది 60 వేలు. కారుకు ఇచ్చేది 15 వేలు. మిగిలిన లక్షా 20 వేల డాలర్లు మీ మీద పడతాయి. అదే 100/300/100 పాలసీ ఉంటే మొత్తం బీమా సంస్థే చెల్లించేది. పరిమితి మూడు రెట్లు పెంచితే ప్రీమియం మూడు రెట్లు కాదు. ఎంత పెరుగుతుందో రెండు మూడు సంస్థలను అడిగి చూడండి.

"నాకు ఇల్లు లేదు, పొదుపు లేదు, నా దగ్గర ఏం తీసుకుంటారు?" అని కొత్తగా ఉద్యోగంలో చేరినవారు అంటుంటారు. జీతం ఉంది కదా! కోర్టు తీర్పు వస్తే చాలా రాష్ట్రాల్లో జీతంలోంచి కోత పెట్టవచ్చు. సాధారణ అప్పుల విషయంలో ఫెడరల్ చట్టం ఆ కోతకు పెట్టిన గరిష్ఠ హద్దు, తప్పనిసరి మినహాయింపులు పోగా మిగిలిన జీతంలో 25 శాతం. ఇల్లు, బ్యాంకు పొదుపు, పెట్టుబడులు ఉన్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. వాటన్నిటినీ కూడి, కనీసం ఆ మొత్తానికి సరిపడా లయబిలిటీ తీసుకోమంటాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం వేరే ఉంది. బీమా చాలక, మీ దగ్గరా డబ్బు లేకపోతే, ఏ తప్పూ చేయని ఆ మనిషి చికిత్స ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

మీ ఇల్లు, పొదుపు, పెట్టుబడులు కూడిన మొత్తం 300 వేలు దాటితే అంబ్రెల్లా పాలసీ గురించి అడగండి. కారు పాలసీ పరిమితి అయిపోయిన చోట అది మొదలవుతుంది. సాధారణంగా 10 లక్షల డాలర్ల నుంచి అమ్ముతారు. అయితే ముందు కారు లయబిలిటీని 250/500 వరకు పెంచుకోమని చాలా సంస్థలు షరతు పెడతాయి.

ప్రీమియం బరువనిపిస్తే సొంత కారు మరమ్మతుల డిడక్టిబుల్‌ను, అంటే బీమా ఇచ్చేలోపు మీరు చేతినుంచి పెట్టుకునే మొత్తాన్ని, 500 నుంచి 1,000 డాలర్లకు పెంచి, ప్రీమియంలో అలా మిగిలింది లయబిలిటీకి మళ్లించండి. అదనంగా 500 డాలర్లు చేతినుంచి పెట్టుకోవడం కష్టమే, కానీ తట్టుకోగలం. లక్షా 20 వేలు తట్టుకోలేం.

పాలసీ మొదటి పేజీ తీసినప్పుడు ఇన్సూరెన్స్ లేని డ్రైవర్ల నుంచి రక్షణ అనే వరుస కూడా చూడండి. ఎదుటివారికి బీమా లేనప్పుడు మీ గాయాలకు డబ్బిచ్చేది అదే. చాలా చోట్ల దాన్ని మీ లయబిలిటీ పరిమితికి మించి అమ్మరు.