కత్తి పెట్టకముందే కనిపించేది
(మలక్‌పేటలో ఒక సీనియర్ సిటిజన్ల సంఘం సమావేశంలో ఒక రేడియాలజిస్టు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. అమ్మలు కూడా చాలామంది వచ్చారు, సంతోషం. ప్రోస్టేట్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి. దాని మాటెత్తితే మగవాళ్లు సిగ్గుపడి ఊరుకుంటారు. చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి తీసుకొచ్చేది ఇంటి ఆడవాళ్లే.

నేను ఆపరేషన్లు చేయను. స్కాన్ బొమ్మలు చదవడం నా పని. పోయిన చలికాలంలో ఆర్టీసీలో రిటైరైన ఒకాయన ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. “సార్, క్యాన్సరని బయాప్సీలో తేలిపోయింది. గురువారం ప్రోస్టేట్ తీసేసే ఆపరేషన్. ఇక ఈ ఎంఆర్‌ఐ దేనికి సార్, డబ్బు దండగ కాదా?” అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. బయాప్సీ అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఉన్నది క్యాన్సరా కాదా, ఎంత దురుసైనది అన్నది అది చెబుతుంది. ఆ దురుసుతనానికి ఇచ్చే అంకే గ్లీసన్ స్కోరు. కానీ క్యాన్సర్ సరిగ్గా ఎక్కడుంది, ఎక్కడిదాకా పాకింది అన్నది సూదికి తెలియదు. అది చూపించేది ఎంఆర్‌ఐ. పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష, గ్లీసన్, ఎంఆర్‌ఐ, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతో డాక్టరు మరింత బాగా అంచనా వేయగలడు.

ఆయన బొమ్మలు తెరిచాను. చదవడానికి వీల్లేదు. బయాప్సీ అయి రెండు వారాలే అయింది, గ్రంథి లోపల రక్తపు మరకలు. ఏది గడ్డ, ఏది రక్తం? సర్జన్‌కి ఫోన్ చేశాను, ఆపరేషన్ వాయిదా వేశారు. ఆయన ఇంట్లో టెన్షన్ పడ్డారు, నిజమే. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్ చాలామందిలో నెమ్మదిగా నడుస్తుంది, డాక్టరు సరేనంటే కొన్ని వారాలు ఆగొచ్చు. బయాప్సీ ముందే అయిపోతే కనీసం ఆరు వారాలు గడిచాక స్కాన్ తీయించడం మంచిది. అసలు బయాప్సీకి ముందే తీయిస్తే ఈ చిక్కే లేదు. 2018లో అచ్చైన, 500 మందితో చేసిన ప్రెసిషన్ అధ్యయనంలో ముందు ఎంఆర్‌ఐ తీసి, అనుమానం ఉన్నచోటే సూది వేస్తే, పట్టించుకోవలసిన క్యాన్సర్ 38 శాతం మందిలో దొరికింది. ఎంఆర్‌ఐ లేకుండా గ్రంథి అంతటా సూది వేసే పాత పద్ధతిలో 26 శాతం మందిలోనే.

ఆయన మళ్లీ వచ్చారు. ఈసారి బొమ్మ శుభ్రంగా ఉంది. ప్రోస్టేట్ బయటి భాగం మామూలుగా తెల్లగా మెరుస్తుంది, గడ్డ ఉన్నచోట నల్లబడుతుంది. గ్రంథి చుట్టూ పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత ఉంటుంది, అదే పొర. కుడివైపు ఆ గీత చెక్కుచెదరలేదు. ఎడమవైపు గడ్డ దాన్ని ఆనుకుని బయటికి ఉబ్బింది. ఆ పొర వెనకే, రెండు పక్కలా, అంగస్తంభనకు పనికొచ్చే నరాల కట్టలు పోతాయి. అందుకే సర్జన్ కుడివైపు నరాలను కాపాడి, ఎడమవైపు వెడల్పుగా తీశారు. తీసిన ముక్కను పరీక్షిస్తే ఎడమవైపు క్యాన్సర్ పొర దాటిందని తేలింది, కోసిన అంచులో మాత్రం క్యాన్సర్ లేదు. గుడ్డిగా రెండువైపులా ఒకేలా కోసి ఉంటే? ఎడమవైపు క్యాన్సర్ మిగిలిపోయేదేమో, లేదా కుడివైపు నరాలు కూడా పోయేవేమో. నాకు తలచుకోవడానికే ఇష్టం లేదు.

ప్రోస్టేట్ వెనక ఉండే వీర్యకోశాల్లోకి క్యాన్సర్ పాకిందా, గజ్జల పైన కటి లోపలి లింఫు గ్రంథులు ఉబ్బాయా అన్నవీ ఎంఆర్‌ఐలోనే చూస్తాం. మూత్రాన్ని ఆపే కండరం దగ్గర మూత్రం బయటికి వచ్చే నాళం పొడవెంతో కూడా కొలుస్తాం. అది పొడుగ్గా ఉన్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత మూత్రం మీద పట్టు త్వరగా వస్తుంది.

ఒక సంగతి దాచకూడదు. ఎంఆర్‌ఐ అన్నీ పట్టుకోదు. 75 అధ్యయనాలను కలిపి 2016లో లెక్క తీస్తే, పొర దాటిన కేసుల్లో ఎంఆర్‌ఐ పట్టింది 57 శాతమే. దాటనివాళ్లలో దాటలేదని సరిగ్గా చెప్పింది 91 శాతం మందిలో. వెంట్రుకవాసి దాటితే మా కంటికి ఆనదు. “పొర దాటలేదు” అని నేను రాసిన కేసుల్లోనే తర్వాత మైక్రోస్కోపు కింద దాటినట్టు తేలినవి ఉన్నాయి. అందుకే రిపోర్టు ఒక్కటే చూసి ధీమా పడొద్దు, దిగులూ పడొద్దు.

దిగులంటే గుర్తొచ్చింది. ఎంఆర్‌ఐ రిపోర్టులో “పైరాడ్స్ 5” అని చదివి ఐదో స్టేజీ అనుకుని ఏడ్చినవాళ్లను చూశాను. కాదండీ. అది క్యాన్సర్ ఉందన్న అనుమానం ఎంత బలంగా ఉందో చెప్పే అంకె, 1 నుంచి 5 దాకా. అది స్టేజీ లెక్క కాదు.

స్కాన్‌కి అరగంట, ముప్పావు గంట పడుతుంది. చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవుల్లో పెట్టుకోవడానికి ఇస్తారు. పేస్‌మేకర్ ఉన్నా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పండి. సర్జన్ దగ్గరికి రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, స్కాన్ బొమ్మలున్న సీడీ కూడా పట్టుకెళ్లండి. “ఏ వైపు నరాలు మిగల్చగలరు?” అని నోరు తెరిచి అడగండి.

ఇక మీ ప్రశ్నలు. లేచి అడగలేనివాళ్లు చీటీ మీద రాసివ్వండి, పేరు రాయక్కర్లేదు.