దాది ఇచ్చిన గడియారం

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండులో ఒక గొప్పింటి ప్రభువు జేబులో ఒక బంగారు గడియారం ఉండేది. తలుచుకుంటే అలాంటివి పది కొనుక్కోగలరు. అయినా చనిపోయేదాకా ఆ ఒక్కటే వాడారు. అది వాళ్లింట్లో పనిచేసిన మరియా మిల్లిస్ అనే ఆవిడది. తనకు దొరికిన అందరికన్నా మంచి నేస్తం ఇచ్చిందని ఆయన నలుగురికీ చూపించేవారు.

ఆ ప్రభువు ఆంథొనీ యాష్లీ కూపర్, షాఫ్ట్స్‌బరీకి ఏడో ఎర్ల్. 1801లో లండన్‌లో పుట్టారు. తల్లిదండ్రుల దగ్గర ఆప్యాయత దొరకలేదు. దగ్గరికి తీసి, ప్రార్థన నేర్పింది మరియానే. ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఆవిడ పోయింది, గడియారం మిగిలింది.

హారో స్కూల్లో చదివే రోజుల్లో ఆయన ఓ దృశ్యం చూశారు. దిక్కులేని ఓ పేదవాడి శవపేటికను మోసుకొస్తున్న తాగుబోతులు దాన్ని కింద పడేసి బూతులు తిట్టుకుంటున్నారు. పేదల కోసం పనిచేయాలని అప్పుడే నిశ్చయించుకున్నానని తర్వాత ఆయనే చెప్పారు.

1826లో పార్లమెంటుకు వెళ్లారు. 1833 చట్టంతో బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లలను పనికి పెట్టుకోకూడదన్నారు. మరి గనుల సంగతి? ఆయన పట్టుబట్టడంతో ప్రభుత్వం ఒక విచారణ సంఘం వేసింది. 1842లో ఆ నివేదిక బొమ్మలతో సహా బయటికొచ్చింది.

ఒక్కసారి ఊహించుకోండి. భూమి అడుగున చిమ్మచీకటి. ఐదారేళ్ల పిల్లాడు ఓ చెక్క తలుపు పక్కన కూర్చుని ఉంటాడు. చేతిలో తాడు. బొగ్గు బండి చప్పుడు వినిపిస్తే తాడు లాగి తలుపు తెరవాలి, బండి వెళ్లగానే మూసేయాలి. రోజుకు పన్నెండు గంటలు అదే పని. కొన్ని గనుల్లో ఆ బండిని ఆడపిల్లలు కూడా లాగేవారు. నడుముకు పటకా, కాళ్ల మధ్య నుంచి గొలుసు. పైకప్పు బాగా కిందికి ఉంటే చేతులూ మోకాళ్ల మీద పాకుతూ లాగాలి.

ఆ జూన్‌లో ఆయన సభలో రెండు గంటలు మాట్లాడారు. వింటూ కొందరు సభ్యులు కంటతడి పెట్టుకున్నారు. కానీ ప్రభువుల సభలో గనుల యజమానులు ఊరుకోలేదు. పదమూడేళ్లలోపు మగపిల్లలు వద్దని ఆయన అడిగితే, చివరికి అది పదేళ్లకు దిగింది. స్త్రీలకూ ఆడపిల్లలకూ మాత్రం గని లోపలి పని పూర్తిగా ఆగిపోయింది.

పొగగొట్టాల పిల్లల కథ ఇంకా కష్టమైంది. మసి దులపడానికి ఇరుకు గొట్టాల్లోకి చిన్న పిల్లలను ఎక్కించేవారు. మోచేతులూ మోకాళ్లూ గీరుకుపోతే, చర్మం గట్టిపడాలని పొయ్యి పక్కన నిలబెట్టి ఉప్పునీళ్లు రుద్దేవారు. 1840లో చట్టం వచ్చింది, ఎవరూ లెక్కచేయలేదు. 1864లో మరో చట్టం, అదీ అంతే. 1875లో కేంబ్రిడ్జి దగ్గర ఒక ఆసుపత్రి పొగగొట్టంలో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లాడు ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీసినా బతకలేదు. ఆ ఏడాదే డెబ్బై నాలుగేళ్ల షాఫ్ట్స్‌బరీ మళ్లీ బిల్లు పెట్టారు. ఈసారి లైసెన్సులు తప్పనిసరి చేసి, అమలు బాధ్యత పోలీసులకు అప్పగించారు. దానితో ఆ పని ఆగింది.

ఆయన అన్నిటిలోనూ సరిగ్గా ఉన్నారని నేననను. ఓటు హక్కు సామాన్యులకు విస్తరించడాన్ని వ్యతిరేకించారు, అది నాకు నచ్చదు. కానీ మన దేశంలో పండించి చైనాకు అమ్మే నల్లమందు వ్యాపారం పాపమని 1843లోనే సొంతవాళ్ల సభలో నిలబడి చెప్పిన మనిషి కూడా ఆయనే. దానికి ధైర్యం కావాలి.

1885 అక్టోబర్ 1న కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ప్రార్థనలు జరిగిన రోజున బూట్లు పాలిష్ చేసే కుర్రాళ్లు, పూలమ్మే అమ్మాయిలు, పేదపిల్లల బడుల విద్యార్థులు వీధి పొడవునా నిలబడ్డారు. అబ్బేలోనే సమాధికి చోటిస్తామన్నారు. ఆయన కోరుకున్నది మాత్రం డోర్సెట్‌లోని తన పల్లె సెయింట్ గైల్స్. అక్కడికే తీసుకెళ్లారు.