ల్యాబ్‌కు తాళం, తెర మీద ప్రయోగం: శ్రీకాకుళం స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. జిల్లాలో ఒక హైస్కూల్లో ల్యాబ్ గదికి తాళం వేసి, ప్రయోగాలన్నీ ఇంటరాక్టివ్ ప్యానెల్ అనే పెద్ద టచ్ తెర మీదే చూపిస్తున్నారని తల్లిదండ్రులు గొడవకు దిగారు. మాస్టారూ, మీతోనే మొదలుపెడదాం. ఇలాగే పోతే ఇక టీచర్ల అవసరం ఉండదంటారా?

రిటైర్డ్ హెడ్మాస్టర్: టీచర్ల సంగతి తర్వాతండీ. వైరు చివర తొడుగు ఒలవడం రాని పిల్లాడికి సర్క్యూట్ వచ్చినట్టా? టీచర్ వేలితో జరుపుతుంటే క్లాసంతా కూర్చుని చూస్తుంది. అది సినిమా!

ఫిజిక్స్ టీచర్: ఒక్క మాట మాస్టారూ...

హెడ్మాస్టర్: ఆగమ్మా, పూర్తి చెయ్యనీ. బ్యాటరీ, బల్బు, రెండు వైర్లు. బల్బు వెలగదు. ఎక్కడో కాంటాక్ట్ వదులు. ఆ వెతుకులాటలోనే చదువుంది. తెర మీద కాంటాక్ట్ వదులవుతుందా?

ఫిజిక్స్ టీచర్: అవదు, ఒప్పుకుంటాను. కానీ వైరు లోపల ఎలక్ట్రాన్లు ల్యాబ్‌లో కనబడవు కదా. కొలరాడో యూనివర్సిటీ ఫెట్ సిమ్యులేషన్లున్నాయి, అంటే తెర మీద చేసే ప్రయోగాలు, నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టినవి, ఉచితం. అందులో బ్యాటరీ రెండు కొసలకూ నేరుగా వైరు కలిపితే తెర మీద మంటలొస్తాయి. పిల్లలు కావాలనే మంట పెడతారు, మధ్యలో కరెంటు తగ్గించే రెసిస్టర్ పెట్టి ఆర్పుతారు. 'మేడమ్, ఎలక్ట్రాన్లు ఎందుకు నెమ్మదించాయి?' అని అడుగుతారు. ఆ ప్రశ్న...

యాంకర్: అంటే టీచర్ లేకుండానే నేర్చుకుంటున్నారు! నేనడిగేదీ అదే.

ఫిజిక్స్ టీచర్: కాదండీ, ఆ ప్రశ్న దగ్గరే నేనుండాలి. బల్బు కాంతి పెరుగుతుందా, తగ్గుతుందా అని ముందు వాళ్ల ఊహ రాయించి, ఆ తర్వాతే తెర మీది స్లైడర్ మీట జరపనివ్వాలి. లేకపోతే ఆడుకుని ఊరుకుంటారు.

తల్లి: ఏటండీ, మాది పలాస. ఇంట్లో ఒక్కటే ఫోను. మా ఆయన జీడి ఫ్యాక్టరీకి పట్టుకెళ్తారు. రాత్రి వచ్చాక పెద్దోడు తీసుకుంటే చిన్నదానికి దక్కదు. ఈ ఫోను ప్రయోగాలు ఇంటి దగ్గర చేసుకు రమ్మంటే ఎలాగ?

ఫిజిక్స్ టీచర్: డౌన్‌లోడ్ చేస్తే నెట్ లేకుండా నడుస్తాయమ్మా, స్కూల్లోనే...

హెడ్మాస్టర్: నెట్ సరే, కరెంటు? 2018లో తిత్లీ తుఫానుకి ఉద్దానం ఎన్నాళ్లు చీకట్లో ఉంది?

యాంకర్: అబ్బా, ఆ కొబ్బరి తోటలు తలుచుకుంటే...

హెడ్మాస్టర్: కొబ్బరి, జీడి అన్నీ పోయాయి! పడిపోయిన చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే...

బీఈడీ విద్యార్థిని: సార్, విషయానికొద్దాం. లెక్కలకు ల్యాబ్ ఊసే లేదు. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం కొస పట్టుకుని ఎటు లాగినా కోణాల మొత్తం 180 డిగ్రీలే. బోర్డు మీద ఒక్క త్రిభుజమే గీస్తాం.

హెడ్మాస్టర్: కాగితం త్రిభుజం మూలలు చింపి పక్కపక్కన పేర్చమ్మా, తిన్నని గీతే వస్తుంది. గిడుగు రామమూర్తిగారు సవర పిల్లలకు సవరలోనే పాఠం చెప్పించిన నేల ఇది. ఆ పిల్లలు మీ ఇంగ్లీషు బటన్లు ఎలా చదువుతారు?

ఫిజిక్స్ టీచర్: తెలుగులోకి మార్చినవి ఉన్నాయి మాస్టారూ...

హెడ్మాస్టర్: సవరలో?

యాంకర్: టైమ్ అయిపోతోంది. ల్యాబ్ తాళం తీయాలన్న మాస్టారి వాదన చాలా బలంగా వచ్చింది...

ఫిజిక్స్ టీచర్: తాళం తీయమనే నేనూ అంటున్నానండీ! బల్బు చేత్తో వెలిగించాక తెర మీద లోపలేం జరిగిందో చూడాలి. రెండూ పిల్లల చేతికే...

యాంకర్: ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్, పదేళ్ల తర్వాత టీచర్ ఉంటారా?

హెడ్మాస్టర్: ముందు వైరు! వైరు పట్టించండి! (ఫిజిక్స్ టీచరూ ఆయనా ఒకేసారి మాట్లాడుతూ)

తల్లి: నా ఫోను సంగతి ఎవరూ చెప్పలేదు బాబూ.

యాంకర్: విరామం తర్వాత జిల్లా వార్తలు.