క్లచ్ పోయిందని మీకెవరు చెప్పారమ్మా?

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి మామూలుగా కూర్చునే గదిలో కాదు, నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కూర్చున్నాం. వెనకాల సుత్తి దెబ్బలు, కంప్రెసర్ మోత వినపడితే సర్దుకోండి. ఆపమని అడగడానికి నాకు నోరు రాలేదు. నా ఎదురుగా ఉన్న అన్న ఇరవై రెండేళ్లుగా కార్లు బాగు చేస్తున్నారు. పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

మెకానిక్: చెబితే రేపట్నుంచి అందరూ ఫోన్ చేసి శబ్దాలు వినిపిస్తారమ్మా. (నవ్వు)

హోస్ట్: అసలు ఈ ఎపిసోడ్ ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. మాది మైపాడు. రోజూ కారులో నెల్లూరు వచ్చిపోతుంటాను. పోయిన డిసెంబరులో బండి బరువుగా లాగడం మొదలుపెట్టింది, ఏదో మాడిన వాసన కూడా. మా బాబాయితో అంటే, ‘ఇంకేముంది, క్లచ్ ప్లేట్లు పోయుంటాయి’ అన్నాడు. నేను ఒక షెడ్డుకు వెళ్లి, ఇక్కడికి కాదు లెండి, ‘క్లచ్ పోయింది, మార్చండి’ అన్నాను. మార్చారు. తొమ్మిది వేలు అయింది. బండి ఇంటికి చేరకముందే మళ్లీ అదే వాసన.

మెకానిక్: మీరు ఇడ్లీ అడిగారు, ఆయన ఇడ్లీ పెట్టాడు. ఆకలా, కడుపునొప్పా అని అడగలేదు. అది ఆయన తప్పు. మీరు కూడా ఏం బాధ అనేది చెప్పకుండా ఏం మందు కావాలో చెప్పారు.

హోస్ట్: ఒప్పుకుంటా. మీ దగ్గరకు వచ్చినప్పుడు కూడా ‘క్లచ్ సరిగ్గా వేయలేదు’ అనే మొదలుపెట్టాను.

మెకానిక్: అప్పుడు నేనేమడిగానో గుర్తుందా?

హోస్ట్: ‘క్లచ్ పోయిందని మీకెవరు చెప్పారమ్మా?’ అన్నారు. బాబాయి అన్నాను. ‘బాబాయి బండి తోలాడా?’ అన్నారు. లేదన్నాను.

మెకానిక్: ఆ తర్వాత అడిగింది అసలు మాట. ఇది మొదలవకముందు బండి ఎన్నాళ్లు ఆగి ఉంది?

హోస్ట్: నవంబరు వానల్లో పన్నెండు రోజులు కదపలేదు. సముద్రపు గాలి, తడి, దానికి తోడు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి పెట్టాను.

మెకానిక్: అంతే. కేబుల్ తుప్పు పట్టింది. మీరు లివర్ కిందికి దించినా వెనక ఎడమ చక్రం దగ్గర బ్రేకు పూర్తిగా వదల్లేదు. బ్రేకు పట్టుకునే ఉంటే బండి బరువుగా లాగుతుంది, మాడిన వాసన వస్తుంది. క్లచ్ వాసన కూడా ఇంచుమించు అట్టాగే ఉంటుంది. వాసన ఒక్కటే చెబితే ఎవరైనా క్లచ్ అనే అంటారు.

హోస్ట్: మరి తేడా ఎట్టా పట్టుకోవాలి?

మెకానిక్: క్లచ్ జారుతుంటే మీరు యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, ఇంజిన్ తిరిగే వేగం చూపే ముల్లు పైకి పోతుంది, బండి మాత్రం వేగం అందుకోదు. బ్రేకు పట్టుకుంటే ఇంజిన్ అట్టా అరవదు, వెనకనుంచి ఎవరో లాగుతున్నట్టు ఉంటుంది. చదునుగా ఉన్న చోట మెల్లగా పోతూ న్యూట్రల్‌లో వదిలితే బండి నాలుగడుగులు కూడా దొర్లదు. దిగి చూస్తే ఆ ఒక్క చక్రమే కాగిపోయి ఉంటుంది. ముట్టుకోవద్దు, దగ్గరగా చెయ్యి పెడితే చాలు, సెగ తెలుస్తుంది.

హోస్ట్: నన్ను అదే చేయమన్నారు. మిగతా మూడు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి, అదొక్కటి పెనంలా ఉంది. తొమ్మిది వేలు గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మెకానిక్: పన్నెండు రోజులు ఆగిందన్న మాట మొదట్లోనే చెప్పి ఉంటే, ఆ షెడ్డులో కూడా పట్టుకుని ఉండేవాళ్లు.

హోస్ట్: అది చెప్పాల్సిన విషయమని నాకు అనిపిస్తేగా! సరే, ఇంతకూ మేం ఏం చెప్పాలి?

మెకానిక్: పార్టు పేరు మాకు వదిలేయండి. ఎప్పుడు వస్తుంది, ఎంత స్పీడులో వస్తుంది, పొద్దున చల్లటి ఇంజిన్ మీదా, బాగా తిరిగాకనా, ఏసీ వేస్తేనేనా, ఎప్పట్నుంచి, దానికి ముందు ఏం జరిగింది. ‘పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే, రెండు నిమిషాలు, తర్వాత పోతుంది’ అని చెప్పారనుకోండి, నాకు సగం పని అయిపోయినట్టే.

హోస్ట్: శబ్దాల సంగతి? నాకు మాత్రం మీ ముందు నోటితో శబ్దం చేసి చూపించాలంటే సిగ్గు.

మెకానిక్: సిగ్గెందుకమ్మా, శబ్దాలకు మన తెలుగులో ఉన్నన్ని మాటలు ఎక్కడున్నాయి? కటకట వేరు, గడగడ వేరు, కిర్రు వేరు, కీచు వేరు. ఊరికే ‘సౌండ్ వస్తోంది’ అంటేనే నాకు ఏమీ అర్థం కాదు.

హోస్ట్: అయితే ఆడుదాం. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తిరుగుతుంటే కట్ కట్ కట్ కట్.

మెకానిక్: ముందు చక్రాల దగ్గర యాక్సిల్ జాయింటు చూస్తాను. రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయుంటుంది.

హోస్ట్: హైవే ఎక్కాక బుయ్య్‌మని ఒకటే హోరు, స్పీడు పెరిగేకొద్దీ పెరుగుతుంది.

మెకానిక్: గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టినా వస్తోందా అని అడుగుతా. వస్తుంటే ఇంజిన్ కాదు. వీల్ బేరింగ్ కావచ్చు, టైరు అరుగుదల కావచ్చు. బండి కొంచెం అటూ ఇటూ వంచినప్పుడు హోరు మారితే బేరింగ్ మీదే అనుమానం.

హోస్ట్: పొద్దున స్టార్ట్ చేయగానే కిర్రుమని.

మెకానిక్: బెల్టు.

హోస్ట్: గుంటలో పడితే గడగడ.

మెకానిక్: చక్రాల దగ్గర సస్పెన్షన్‌లో లింక్ రాడ్డు గానీ, రబ్బరు బుష్ గానీ. మన ఊళ్లో రోడ్లకు అది మామూలే. (నవ్వు) ఇవన్నీ నా అంచనాలు. జాకీ ఎత్తి చూడకుండా ఎవరైనా ఖాయంగా చెబితే నమ్మొద్దు, నేను చెప్పినా సరే.

హోస్ట్: ఇంకో తమాషా ఉంది. షెడ్డు గేటు దాటగానే ఆ శబ్దం మాయమైపోతుంది.

మెకానిక్: డాక్టరు దగ్గరికి పోగానే పిల్లోడికి జ్వరం తగ్గినట్టు. అందుకే ఫోన్లో వీడియో తీసుకోండి. తోలేవాళ్లు కాదు, పక్కన కూర్చున్నవాళ్లు తీయాలి. లేదా మమ్మల్ని బండెక్కించుకోండి. శబ్దం మీకు ఏ రోడ్డు మీద వస్తుందో అక్కడికే తీసుకుపోండి, మీరే తోలండి. నేను తోలితే నా కాలు వేరు, నా గేరు వేరు. ఈ పది నిమిషాలు అడగడానికి చాలామంది మొహమాటపడతారు. ఎందుకో నాకు అర్థం కాదు.

హోస్ట్: మీరు విసుక్కుంటారని.

మెకానిక్: విసుక్కుంటాం, నిజమే. సాయంత్రం ఆరింటికి వస్తే ఇంకా విసుక్కుంటాం. పదకొండు గంటలప్పుడు రండి.

హోస్ట్: డ్యాష్‌బోర్డులో లైట్లు?

మెకానిక్: ఫోటో తీయండి. ‘ఏదో లైటు వచ్చి పోయింది’ అంటే నేనేం చేయాలి? ఎర్రగా ఆయిల్ డబ్బా గుర్తు వెలిగితే ఫోటో సంగతి తర్వాత, ముందు పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఆయిల్ ప్రెషర్ లేకుండా తోలితే ఇంజినే పట్టేస్తుంది. పసుపు రంగు ఇంజిన్ గుర్తు వెలిగి, బండి మామూలుగా నడుస్తుంటే నిదానంగా షెడ్డు దాకా రావచ్చు. అది టపటపా కొట్టుకుంటూ బండి కుదుపుతుంటే మాత్రం తోలొద్దు. కొందరు ఇక్కడికి వచ్చేముందు బ్యాటరీ వైరు పీకి ఆ లైటు ఆర్పేసి వస్తారు. చాలా బండ్లలో దాంతో లోపల దాచుకున్న కోడు, అంటే తేడా ఎక్కడుందో చెప్పే నంబరు కూడా పోతుంది. ఆ కోడు చదివే స్కానర్ పెడితే ఖాళీ.

హోస్ట్: స్కానర్ ఉంటే అంతా అదే చెప్పేస్తుంది కదా?

మెకానిక్: అది ఏ దారిలో తేడా ఉందో చెబుతుంది, ఏ పార్టు మార్చాలో చెప్పదు. సెన్సర్ కోడు వచ్చింది కదా అని సెన్సర్ మార్చేస్తారు, తీరా చూస్తే ఎలక కొరికిన వైరు.

హోస్ట్: మేం దాచిపెట్టే సంగతులు ఏమైనా ఉంటాయా?

మెకానిక్: అబ్బో! 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి కదా. ఆ వారమంతా షెడ్డు నిండా నీళ్లలో ఆగిపోయిన బండ్లే. ఒక్కొక్కర్నీ అడిగాను, నీళ్లలో ఆగాక మళ్లీ సెల్ఫ్ కొట్టారా అని. అందరూ లేదనే. విప్పి చూస్తే ఇంజిన్ లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉంది. ఇంజిన్‌లోకి నీళ్లు పోయినప్పుడు సెల్ఫ్ కొడితే అదే గతి. నిజం చెబితే తిట్టను కదా, ముందు ఎక్కడ విప్పాలో తెలుస్తుంది. మే నెలలో ఇంకో రకం. ఒంగోలు పోయి వచ్చేలోపు రేడియేటర్‌లో మూడుసార్లు నీళ్లు పోసుంటారు, నాకు మాత్రం ‘కొంచెం వేడెక్కింది’ అంటారు. ఆ మూడుసార్లే నాకు కావాల్సింది. అంటే ఎక్కడో కారుతోందన్నమాట.

హోస్ట్: ఇప్పుడు డబ్బుల దగ్గరికి వద్దాం. మాకు టెన్షన్ అంతా అక్కడే.

మెకానిక్: రాగానే ‘మొత్తం ఎంతవుతుంది?’ అంటారు. విప్పకుండా చెప్పే అంకె అబద్ధమే. విప్పి చూడటానికి ఎంత అని అడగండి. చూశాక ఫోన్ చేసి చెప్పాలి, మీరు సరే అన్నాకే పని. ఇంతకు మించి పోతే నన్ను అడక్కుండా చేయొద్దని ముందే అనేయండి. మంచి మెకానిక్ దానికి నొచ్చుకోడు.

హోస్ట్: నేను ఇప్పుడు ఇంకోటి కూడా అడుగుతున్నాను. ఏది ఇవాళే చేయాలి, ఏది రెండు నెలలు ఆగుతుంది?

మెకానిక్: మీరు అడిగినప్పుడు నాక్కూడా కొంచెం ఇబ్బందైంది. (నవ్వు) అన్నీ ఒకేసారి చేస్తే మాకు సులువు. కానీ అడగాల్సిన మాటే. బ్రేకు, స్టీరింగ్, టైర్లు ఆగవు. మిగతావి చాలావరకు ఆగుతాయి.

హోస్ట్: స్పేర్లు?

మెకానిక్: కంపెనీదా, లోకలా అని ముందే తేల్చుకోండి. ప్యాకెట్ మీద ధర అచ్చయి ఉంటుంది, ప్యాకెట్ అడగండి. పాత పార్టు డిక్కీలో వేయమనండి. నేను చెప్పకుండానే వేస్తాను, కొందరు ‘ఈ చెత్తెందుకు’ అంటారు.

హోస్ట్: బిల్లు కూడా రాయించుకోండి. తగాదా దాకా పోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ మొదట అడిగేది కాగితమే. అన్నా, చివరిగా ఒక దెబ్బలాట. నేను మొదటిసారి వచ్చినప్పుడు ఏమన్నారు?

మెకానిక్: (నవ్వు) ‘సార్‌ని ఒకసారి మాట్లాడమనండి’ అన్నాను.

హోస్ట్: మా ఆయనకు లైసెన్సు కూడా లేదు.

మెకానిక్: తప్పేనమ్మా. ఆడవాళ్లు వస్తే మేం ఇంట్లో మగవాళ్లకు ఫోన్ చేస్తాం. ఆయన ఆఫీసులో కూర్చుని ‘ఏదో ఒకటి చేసేయండి’ అంటాడు. రోజూ తోలే మనిషి నా ఎదురుగా ఉంటే, శబ్దం వినని మనిషిని అడిగాను. మీరు కోప్పడ్డాక మా షెడ్డులో పనిచేసే పిల్లలకు కూడా చెప్పాను, స్టీరింగ్ ఎవరు పట్టుకుంటారో వాళ్లతోనే మాట్లాడాలని.

హోస్ట్: ఇది రికార్డయింది, గుర్తుపెట్టుకోండి. సంక్రాంతికి మేం పది రోజులు చీరాల వెళ్తున్నాం, మళ్లీ కలుద్దాం.

మెకానిక్: కారులోనా?

హోస్ట్: రైల్లో. బండి ఇంటి దగ్గరే ఉంటుంది.

మెకానిక్: హ్యాండ్‌బ్రేక్?

హోస్ట్: వేయను. గేర్లో పెట్టి, చక్రాల కింద ఇటుకలు.

మెకానిక్: ముందూ వెనకా రెండు పక్కలా పెట్టండి. మీ బాబాయి వచ్చి లివర్ లాగకుండా తాళాలు కూడా మీతోనే తీసుకుపోండి.