ఎత్తు కొలిచారా?

సభలోని పెద్దలకు, వైద్యులకు, నర్సులకు, టెక్నీషియన్లకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం. వేదిక మీదివారి పేర్లు ఇందాకే చదివారు. నేను మళ్లీ చదవను, ఆ రెండు నిమిషాలు కూడా నాకు కావాలి.

నాకిచ్చిన అంశం ‘ఊపిరితిత్తుల గాయం, ఆస్తమా: ప్రయోగశాల నుంచి రోగి మంచం దాకా’. చాలా పొడవైన దారి. దారిపొడవునా కొత్త యాంటీబాడీలు, జన్యువులు, బయోమార్కర్లు ఉన్నాయి. వాటి దగ్గరకు వెళ్లేముందు ఐసీయూలో పనిచేసేవాళ్లను ఒక్క మాట అడుగుతాను. వెంటిలేటర్ మీదున్న మీ రోగి ఎత్తు ఎంత? కేస్ షీట్‌లో రాసిన అంకె కాదు. టేపు పెట్టి కొలిచిన అంకె చెప్పండి.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ల కోసం ఎలుకల కథ చెప్పాలి. 1974లో వెబ్, టియర్నీ అనే ఇద్దరు పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు వెంటిలేటర్ పెట్టారు. 45 సెంటీమీటర్ల నీటి పీడనంతో గాలి కొట్టారు. గంట తిరగకముందే ఊపిరితిత్తులు నీరు పట్టాయి. ఆ ఎలుకలకు జబ్బేమీ లేదు, గాలే గాయం చేసింది. అదే 45 పీడనం ఉంచి, ఊపిరి వదిలే చివర 10 సెంటీమీటర్లు నిలబడేలా చేస్తే, అంటే పీప్ ఇస్తే, గాలిగదుల్లోకి నీరు చేరలేదు. 1988లో డ్రేఫస్ బృందం ఇంకో అడుగు వేసింది. ఎలుక ఛాతీని, పొట్టను పట్టీలతో బిగించి అంతే పీడనం ఇచ్చారు. ఛాతీ ఉబ్బలేదు, ఊపిరితిత్తికి నీరు పట్టలేదు. పీడనం పెట్టకుండా బయటి నుంచి ఛాతీని లాగి ఎక్కువ గాలి నింపితే మాత్రం నీరు పట్టింది. ఊపిరితిత్తి సాగడమే అసలు గాయం అని అక్కడ తేలింది.

అదే కాలంలో ఇటలీలో గట్టినోని అనే వైద్యుడు, ఏఆర్‌డీఎస్ రోగులకు, అంటే ఊపిరితిత్తులు ఉన్నట్టుండి తీవ్రంగా గాయపడి నీరు పట్టినవారికి, సీటీ స్కాన్ తీసి చూశాడు. ఊపిరితిత్తి అంతా ఒకేలా గట్టిపడి లేదు. వెల్లకిలా పడుకున్న రోగికి వీపు వైపు భాగం నీటితో, మూసుకుపోయిన గదులతో నిండి ఉంది. గాలి ఆడే భాగం పసిపాప ఊపిరితిత్తంత మిగిలింది. ‘బేబీ లంగ్’ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. పెద్ద మనిషికి ఇచ్చే గాలంతా ఆ పసి ఊపిరితిత్తిలోకి తోస్తున్నాం అన్నమాట.

ఇదంతా 2000లో మనుషుల్లో తేలింది. 861 మంది రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు కిలోకు 12 మిల్లీలీటర్ల టైడల్ వాల్యూమ్, అంటే ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి, రెండో గుంపుకు 6. మొదటి గుంపులో 39.8 శాతం మంది చనిపోయారు, రెండో గుంపులో 31. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్న యంత్రం మీద ఒక అంకె మార్చారు, అంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కిలోకు 6 అంటే ఏ కిలో? తూకం యంత్రం చూపించే కిలో కాదు. మనిషి లావెక్కితే ఊపిరితిత్తి పెరగదు, చిక్కిపోతే తగ్గదు. అది ఎత్తును బట్టి, ఆడామగా తేడాను బట్టి ఉంటుంది. అందుకే ఆ ట్రయల్ వాడింది అంచనా బరువు. మగవారికి 50, ఆడవారికి 45.5 తీసుకోండి. సెంటీమీటర్లలో ఎత్తు నుంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో హెచ్చవేసి దానికి కలపండి. ఈ లెక్కకు మనం కొలవాల్సింది ఎత్తు ఒక్కటే. అది తప్పితే లెక్కంతా తప్పినట్టే.

150 సెంటీమీటర్ల స్త్రీని తీసుకుందాం. అంచనా బరువు 43.3 కిలోలు. 6 చొప్పున 260 మిల్లీలీటర్లు. మంచం మీద పడుకున్న మనిషిని కంటితో చూసి ‘పెద్దవాళ్లే కదా, 450 పెట్టు’ అంటే ఆమెకు అందేది కిలోకు 10.4. ట్రయల్‌లో ఏ గుంపులో ఎక్కువమంది పోయారో ఆ గుంపు వైపు మనమే తోశాం. చూపుతో వేసిన అంచనాలో 10 సెంటీమీటర్ల తేడా వస్తే ప్రతి శ్వాసకూ దాదాపు 55 మిల్లీలీటర్ల తేడా. నిమిషానికి 20 శ్వాసలు, గంటకు 1,200. కాకి లెక్కకు అన్నిసార్లు శిక్ష పడేది పొట్టివాళ్లకు, అంటే ఎక్కువగా స్త్రీలకు.

కొలవడం ఎలా? మంచం తలవైపు ఎత్తి ఉంటే దించి బల్లపరుపుగా చేయండి. తల కింద దిండు తీసేయండి, మోకాళ్లు చాపండి. నడినెత్తికి ఒక అట్ట, అరికాళ్లకు ఒక అట్ట నిలువుగా ఆనించి, పాదాన్ని నిటారుగా పట్టుకుని, రెండు అట్టల మధ్య దూరాన్ని కొలవండి. టేపును పొట్ట మీదుగా, మోకాళ్ల మీదుగా పాకిస్తే వంపులన్నీ కలిసి ఎత్తు పెరుగుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. కాళ్లు ముడుచుకుపోయిన రోగికి, వెన్ను వంగిన రోగికి చేతుల బార గానీ, మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్న ఎముక గానీ కొలిచి పట్టిక చూడాలి. ఇద్దరు మనుషులు చాలు, రెండు నిమిషాలు చాలు. తల దించేముందు గొంతులోని శ్వాస ట్యూబు భద్రంగా ఉందో లేదో చూసుకోండి, ఫీడింగ్ ఆపండి.

2000 నాటికే రుజువైన విషయం. 2016లో 50 దేశాల్లోని 459 ఐసీయూల సర్వే వెలువడింది. కిలోకు 8 లేదా అంతకన్నా తక్కువ గాలి అందిన ఏఆర్‌డీఎస్ రోగులు మూడింట రెండు వంతులు కూడా లేరు. ప్లాటో ప్రెషర్, అంటే గాలి లోపల నిలిచినప్పుడు గాలిగదుల మీద పడే పీడనం, కొలిచింది 40.1 శాతం మందికే. 40.1. దయచేసి ఆ అంకె గుర్తుపెట్టుకోండి. కొలవకపోతే గాయమవుతోందని తెలిసేదెట్లా?

ప్లాటో కొలవడం కష్టమేమీ కాదు. శ్వాస లోపలికి వెళ్లిన చివర అర సెకను ఆపు బటన్ నొక్కి, గీత చదునయ్యాక చదవాలి. నాలుగు గంటలకోసారి, గాలి మోతాదు గానీ పీప్ గానీ మార్చిన ప్రతిసారీ. రోగి సొంతంగా శ్వాస లాగుతుంటే ఆ అంకె నమ్మరాదు. ఆపి ఉంచినప్పుడు గీత నిలవకుండా జారిపోతుంటే ట్యూబు చుట్టూ ఉబ్బే కఫ్ దగ్గర లీకు వెతకండి. ప్లాటో 30 సెంటీమీటర్లు దాటితే గాలిని కిలోకు ఒక్కో మిల్లీలీటరు తగ్గిస్తూ 4 దాకా వెళ్లవచ్చు. మొదట్లో 8తో మొదలుపెట్టి రెండేసి గంటల లోపు ఒక్కొక్కటి తగ్గిస్తూ 6కి తేవాలి. గాలి తగ్గినప్పుడు శ్వాసల సంఖ్య పెంచాలి, 35 దాకా. కార్బన్ డయాక్సైడ్ కొంత పెరుగుతుంది, పెరగనివ్వండి. రక్తం ఆమ్లత చూపే పీహెచ్ 7.15 కన్నా దిగితేనే ఆ ట్రయల్ నియమం గాలి పెంచడానికి ఒప్పుకుంది.

ఆస్తమా ఎప్పుడు మాట్లాడతారని కొందరు చూస్తున్నారు. వస్తున్నాను. అదే వెంటిలేటర్ మీద తీవ్రమైన ఆస్తమా రోగిని పెట్టండి. పీక్ ప్రెషర్, అంటే గాలి లోపలికి వెళ్తున్నప్పటి గరిష్ఠ పీడనం 50, ప్లాటో 22. యంత్రం అలారం కొడుతుంది. పీక్ చూసి బెదిరిపోయి తప్పు చేసేది ఇక్కడే. ఆ రెండిటి మధ్య తేడా సన్నబడిన శ్వాసగొట్టాల నిరోధం, గాలిగదుల మీద పడే భారం కాదు. ఇక్కడ అపాయం వేరే చోట ఉంది. లోపలికి వెళ్లిన గాలి బయటికి రావడానికి సమయం చాలదు. ప్రతి శ్వాసకూ కొంచెం మిగిలి, మిగిలి, ఛాతీ ఉబ్బిపోతుంది. శ్వాస వదిలే చివర ఆపు బటన్ నొక్కితే ఆ దాగిన పీప్ బయటపడుతుంది. ఏఆర్‌డీఎస్‌లో 35 దాకా పెంచమన్నాను కదా, ఆస్తమాలో 10, 12కి దించాలి. ఊపిరి వదిలే సమయం ఇవ్వాలి. రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతే ట్యూబును యంత్రం నుంచి విడదీసి గాలి పోనివ్వండి. రక్తపోటు కోలుకుంటే కారణం దొరికినట్టే. కోలుకోకపోతే ఊపిరితిత్తి చిల్లుపడిందేమో వెంటనే చూడండి. ఒకే యంత్రం, ఒకే బటన్, రెండు జబ్బులకు ఎదురెదురు సెట్టింగులు. కొలిచినవాళ్లకే ఆ తేడా తెలుస్తుంది.

ఐసీయూ బయటికి వద్దాం. కెనడాలో 613 మంది పెద్దలను పరీక్షించి 2017లో ప్రచురించారు. అందరూ అంతకుముందు ఐదేళ్లలో డాక్టరు ఆస్తమా అని చెప్పినవారే. మందులు క్రమంగా తగ్గిస్తూ, పదే పదే పరీక్షలు చేస్తే 33.1 శాతం మందిలో ఆ సమయానికి ఆస్తమా లేదని తేలింది. కొందరికి ఎప్పుడూ ఉండి ఉండకపోవచ్చు, కొందరికి తగ్గిపోయి ఉండవచ్చు. మొదట్లో ఊది కొలిచిన కాగితం ఉంటే ఆ రెండిటిలో ఏదో చెప్పగలిగేవాళ్లం. ఇది విని ఎవరూ ఇంటికెళ్లి ఇన్‌హేలర్ మానేయకండి. ఆ పని పర్యవేక్షణలో, కొలతలతో జరిగింది.

స్పైరోమెట్రీ, అంటే ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష గురించి టెక్నీషియన్లకు తెలియనిది చెప్పబోవడం లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. రోజూ పొద్దున 3 లీటర్ల సిరంజితో యంత్రాన్ని సరిచూడాలి. 2.91కి, 3.09కి మధ్య రాకపోతే ఆ రోజు పరీక్షలు మొదలుపెట్టకూడదు. సరైన ఊదుళ్లు మూడు కావాలి, వాటిలో పెద్దవి రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలో ఉండాలి. తర్వాత ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టంతో, శ్వాసగొట్టాలను తెరిచే సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, 100 మైక్రోగ్రాముల చొప్పున, ఒక్కొక్కటిగా. 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదించాలి. చెడేది ఎక్కడ? పెదవుల పక్కన లీకు, మొదట్లో తటపటాయింపు, చివరిదాకా ఊదకుండా ఆపేయడం. పొద్దున్నే ఇన్‌హేలర్ పీల్చుకుని వస్తే తెరుచుకోవడానికి ఇంక మిగిలేదేమీ ఉండదు. 4 నుంచి 6 గంటల ముందు మానమని ముందురోజే చెప్పాలి, ఆయాసం వస్తే మాత్రం వాడుకోమనీ చెప్పాలి.

2021 నుంచి మందుకు స్పందన లెక్క మారింది. అంతకుముందు ఊదిన గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరగాలి. ఇప్పుడు అంచనా విలువలో 10 శాతం దాటి పెరగాలి. ఆ అంచనా విలువ దేన్నుంచి వస్తుంది? వయసు, ఆడా మగా, ఎత్తు. మళ్లీ ఎత్తే! రోగిని నోటితో అడిగి రాసుకున్న ఎత్తు. పాతికేళ్ల వయసులో కొలిచిన ఎత్తును అరవై ఏళ్లకు కూడా చెబుతారు, వెన్ను ఎంత కుంగిందో వాళ్లకు తెలియదు. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలవండి.

ప్రయోగశాల మిత్రులు తమకేం పట్టనట్టు వింటున్నారు. చిట్టెలుకకు ఎండోటాక్సిన్ అనే బ్యాక్టీరియా విషం ఇచ్చి, ఊపిరితిత్తి కడిగిన నీటిలో ప్రొటీన్ పెరిగింది, గాయమైంది అని రాస్తాం. ఒక మిల్లీలీటరు లోపలికి పంపి ఎంత వెనక్కి వచ్చిందో రాశామా? ఒక ఎలుకలో 0.9, ఇంకోదానిలో 0.5 వస్తే ఆ రెండు గాఢతలను పక్కపక్కన పెట్టలేం. కణజాలాన్ని ఉబ్బించకుండా ఫార్మలిన్‌లో పడేస్తే ముడుచుకున్న గోడలు మందంగా కనబడి లేని గాయం కనిపిస్తుంది. 25 సెంటీమీటర్ల పీడనంతో నింపి స్థిరపరచాలి. జంతువుల్లో గాయాన్ని నిర్ధారించడానికి నాలుగు లక్షణాలు చూడాలని 2011లోనే నిపుణుల నివేదిక చెప్పింది. కణజాల మార్పు, గోడ కారడం, వాపు, శ్వాస పని చెడడం, ఈ నాలుగింటిలో కనీసం మూడు. నాలుగోదైన శ్వాస పనినే ఎక్కువమంది వదిలేస్తారు, రక్తంలో ఆక్సిజన్ కొలవడం శ్రమ కాబట్టి.

సాల్బుటమాల్ కథ చూడండి. గాలిగదుల్లోంచి నీరు తోడే పంపును అది చురుకు చేస్తుందని ప్రయోగశాలలో తేలింది. 40 మంది ఏఆర్‌డీఎస్ రోగుల మీద చేసిన చిన్న ట్రయల్‌లో నీరు తగ్గింది కూడా. ఆ తర్వాత 326 మందితో జరిగిన పెద్ద ట్రయల్ 2012లో బయటికొచ్చింది. నరం ద్వారా సాల్బుటమాల్ ఇచ్చిన గుంపులో 28 రోజుల్లో 34 శాతం మరణాలు, ఇవ్వని గుంపులో 23. ట్రయల్ ముందే ఆపేశారు. ఆస్తమాలో ప్రాణం నిలబెట్టే మందు ఇక్కడ ప్రాణం తీసింది. నీరు కొలిచి సంతోషపడ్డాం, మనిషి బతికాడా అని కొలిచేసరికి జవాబు తిరగబడింది.

ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలను తగ్గించే యాంటీబాడీ మందు మెపోలిజుమాబ్ కథ దీనికి తలకిందులు. 2007లో 362 మంది ఆస్తమా రోగుల మీద విఫలమైంది, ఎవరో ఏమిటో చూడకుండా ఇచ్చారు. 2009లో కఫంలో ఇయోసినోఫిల్స్ లెక్కబెట్టి, అవి ఎక్కువున్న 61 మందికే ట్రయల్‌ను పరిమితం చేస్తే, మందు లేని గుంపులో ఏడాదికి 3.4 అటాక్‌లు, మందు ఇచ్చిన గుంపులో 2. మందు అదే. రోగిని కొలిచి ఎంచుకున్నారు.

కొత్త మందుల గురించి ఇంకా పన్నెండు స్లైడ్‌లు ఉన్నాయి. సమయం అయిపోవచ్చింది, వాటిని వదిలేస్తున్నాను. కలం ఉన్నవాళ్లు రాసుకోండి, ఇది వెంటిలేటర్ మీద అతికించాల్సిన కాగితం. కిలోకు 6 చొప్పున, స్త్రీలకు: 145 సెంటీమీటర్లకు 233, 150కి 260, 155కి 287, 160కి 314. పురుషులకు: 160కి 341, 165కి 369, 170కి 396, 175కి 423, 180కి 451. కాగితం కింద రెండు గళ్లు గీయండి. ఒకటి కొలిచిన ఎత్తు, రెండోది కొలిచినవారి సంతకం. టేపు ఆ వెంటిలేటర్ కొక్కేనికే వేలాడాలి.